అంచు కాలిన ఎక్స్‌రే

మా దవాఖానకు కంప్యూటరు ఎక్స్‌రే వచ్చింది. బొమ్మ తెర మీద పడుతుంది, అక్కడి నుంచి డాక్టరమ్మ ఫోనులోకి పోతుంది. ఫిల్ము లేదు, చీకటి గది లేదు, మందు నీళ్లలో ముంచి తీగ మీద ఆరవేయడం లేదు. ఇరవై రెండేళ్లు ఆ మందు నీళ్ల వాసన నా చొక్కాలను వదల్లేదు. మా ఆవిడ నా బట్టలు వేరే బకెట్టులో నానబెట్టేది. ఇప్పుడు ఆ బకెట్టులో మట్టి పోసి కొత్తిమీర వేసింది.

పాత ఫిల్ములన్నీ బయటికి తీసి మూటలు కట్టమని హుకుం వచ్చింది. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్ల పక్కటెముకలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. నాకు మనుషుల ముఖాలు గుర్తుండవు, విరిగిన బొక్కలు గుర్తుంటాయి. సిర్గాపూర్ బస్సులో ఎవరో నవ్వుతూ నమస్తే పెడతారు, ఎవరబ్బా అని తల గోక్కుంటాను. "సారూ, ఆటో బోల్తా పడ్డది గద, ఎడమ మోచెయ్యి" అనగానే, అరెరె, నువ్వా నాయనా అని కౌగిలించుకుంటాను.

ఆ బీరువాలో అట్టడుగున ఒక ఛాతి ఫిల్ము దొరికింది. కింది మూల కాలి, కరిగి, ముడుచుకుపోయి ఉంది. దాని నిండా తెల్లటి వేలిముద్రలు. గోకి చూస్తే జొన్నపిండి. పేరు చూడాల్సిన పని లేకపోయింది. దాన్ని మూటలో కట్టకుండా పక్కన పెట్టాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఊళ్లో ఎవరూ పోల్చుకోలేరు. బస్సు డిపో ముందర రొట్టెలవ్వ అంటే జహీరాబాద్ డ్రైవర్ల దగ్గరి నుంచి బీదర్ కూలీల దాకా అందరికీ తెలుసు. పోయిన వానకాలంలో పోయింది. చివరి ఏడాదిన్నర డాక్టర్ల మాట విని గ్యాసు పొయ్యి మీద రొట్టెలు చేసింది, చేసిన ప్రతి రోజూ ఆ పొయ్యిని నోరారా తిట్టింది. "గీ నీలిమంట మీద రొట్టె కాలది సారూ, సిగ్గువడ్తది" అనేది.

నాకు గుర్తున్న అవ్వ మాత్రం కట్టెల పొయ్యి ముందరి అవ్వ. నాలుగు రేకులు, మూడు రాళ్లు, రొట్టెలు కాల్చే ఒక పెంక. చేలల్లోంచి తెచ్చుకున్న కందికట్టె విరిచి విరిచి పొయ్యిలో పెట్టేది. దాని పొగ ముందు ఆమెను చుట్టుకుని, తరువాత పక్కనున్న చాయ్ బండి మీదికి పోయేది. ఆ బండి భాయ్‌కూ ఆమెకూ పొగ గురించి రోజూ పంచాయితీ. "ఆపా, నీ ధువాఁతోని నా చాయ్ ఖరాబ్ అయితుంది" అని ఆయన. "నీ చాయ్ అంతకుముందు బాగుండెనా భాయ్?" అని ఆమె. పదిహేనేళ్లు పక్కపక్కనే కూర్చుని ఇవే మాటలు అనుకున్నారు. భాయ్ రంజాను నెలలో బండి కట్టేస్తే, అవ్వకు తిట్టడానికి మనిషి దొరకక మా మీద పడేది.

బీదర్ దిక్కు నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన మనిషి. ఇక్కడి మాటంతా వచ్చింది గానీ, "చాలు" అనే మాట మాత్రం జీవితాంతం రాలేదు. "సాక్" అనేది. ఎక్కువ మాట్లాడినవాళ్లను "సాక్ సాక్" అని ఆపేది. కోపం ఎక్కువైతే "శివ శివా" అని ఆకాశం చూసేది. ఆకాశం కనబడేది కాదు, రేకు కనబడేది.

బస్సు డ్రైవర్లు ఆమెకు భయపడేవాళ్లు. ఎవరైనా ప్రయాణికుడు ఆమె దగ్గర రొట్టె తింటూ ఉండగా డ్రైవరు హారను కొడితే, పిండి చేతులతోనే రోడ్డు మీదికి వచ్చి నిలబడేది. "ఏం రా, నీ బస్సేమన్న పెంక మీదున్నదా, మాడిపోతుందా? తిననియ్యి మనిషిని!" అనేది. డ్రైవరు ఇంజను ఆపేసి, తనూ దిగి ఒక రొట్టె అడిగేవాడు. మా ఊరి బస్సులు ఆలస్యమని పై ఆఫీసులకు అర్జీలు పెట్టినవాళ్లకు అసలు కారణం తెలియదు.

ఆమెకు ఒక నియమం ఉండేది, దాన్ని ఎవరి కోసమూ సడలించలేదు. మాడిన రొట్టె తినవచ్చిన గిరాకీకి పెట్టదు. అంచు ఇంత నల్లబడినా సరే, పక్కనున్న సత్తు గిన్నెలో వేసుకునేది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక అవి మజ్జిగలో ముంచుకుని తనే తినేది. ఒకసారి నాకు ఆకలి ఆగక, "అవ్వా, గా గిన్నెలది పెట్టు, ఏం కాదు" అని చెయ్యి చాపాను. రొట్టె తిప్పే అట్లకాడతో నా వేళ్ల మీద టప్పున కొట్టింది. "గది నాది. నీది పెంక మీదున్నది, ఆగు" అంది. దవాఖానలో నేను గెజిటెడు అధికారిలా తిరిగేవాణ్ని, అక్కడ వేళ్లు ఊదుకుంటూ ఆగాను.

దగ్గు ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. పొగ దగ్గు అనేది. పొయ్యి ముందర కూర్చున్న మనిషి దగ్గితే ఎవరు పట్టించుకుంటారు? ఒక ఎండాకాలం అది మారింది. దగ్గు మొదలైతే పెంక మీది రొట్టె కాలిపోయేదాకా ఆగేది కాదు. సత్తు గిన్నెలో రొట్టెలు పెరిగాయి, ఆమె మాత్రం తగ్గింది. భాయే బతిమాలి దవాఖానకు పంపించాడు. మా డాక్టరమ్మ చెవి గొట్టం పెట్టి విని, ఛాతి ఎక్స్‌రే రాసింది.

ఎక్స్‌రే గదికి ఆమె వచ్చిన తీరు చూడాలి. ఆకుపచ్చ పట్టంచు చీర, తలకు నూనె, పొందిగ్గా కొప్పు. ఫోటో అన్నారు కదా మరి!

"గోడ దిక్కు తిరిగి, ఈ పలకకు రొమ్ము ఆనించి నిలవడు అవ్వా" అన్నాను.

"ఏంది? ఎన్క నుంచి తీస్తవా? ముఖం ఏడ పడ్తది?"

"ముఖం పడదు. లోపల తిత్తులు పడ్తయి."

"ముఖం పడని ఫోటోకు గింత సింగారించుకొని వస్తినా? ముందుగాల చెప్పొద్దా కొడుకా!"

మెడలో వెండి తాయెత్తు ఉంది, తియ్యమన్నాను. బోరంచ నల్లపోచమ్మ తాయెత్తు అట, మెడలోంచి దిగదట. "అమ్మ గూడ ఫోటోల పడనియ్యి, తప్పేంది?" అంది. అమ్మవారు అడ్డం నిలబడితే తిత్తి కనబడదని నేను, అమ్మ నీకు అడ్డమా అని ఆమె. బయట లైను పెరుగుతోంది. చివరికి ఆమే ఉపాయం చెప్పింది. తాయెత్తును కొప్పులో దోపుకుని, "ఇగ అమ్మ మీదికెంచి చూస్తుంటది, తియ్యి" అంది.

"గాలి గట్టిగ పీల్చు. బిగవట్టు" అని చెప్పి మీట నొక్కాను. బొమ్మ పడిందో లేదో, కరెంటు పోయింది. జనరేటరు సంగతి చూద్దామని బయటికి పోయాను. వరండాలో కాంపౌండరు కలిశాడు, ట్రాన్స్‌ఫర్ల ముచ్చట తీశాడు, అది ఎక్కడెక్కడికో పోయింది. కరెంటు వచ్చాక తిరిగి గదిలోకి పోతే, అవ్వ పలకకు అతుక్కుని అలాగే నిలబడి ఉంది. బుగ్గలు ఉబ్బి, కళ్లు బయటికి వచ్చి, చేతులు నడుము మీద.

"అవ్వా!"

తల కదపకుండా కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. బిగించిన నోట్లోంచి, "ఇడువాల్నా?" అంది.

అంతసేపు ఏ మనిషీ ఊపిరి బిగపట్టలేడు. మధ్యలో దొంగచాటుగా రెండు మూడు సార్లు తీసుకునే ఉంటుంది. కానీ చచ్చినా ఒప్పుకోలేదు. దగ్గి దగ్గి తేరుకున్నాక, "నువ్వు ఇడువుమనకపోతే నేనెట్ల ఇడుస్త సారూ? సర్కారు పని గద" అంది. మర్నాటికి ఈ కథ ఊరంతా పాకింది. సారు బిగవట్టుమని చెప్పి చాయ్ తాగబోయిండట, అవ్వ ప్రాణం మీదికొచ్చిందట! చాయ్ తాగలేదు మొర్రో అంటే వినేవాడు లేడు. అప్పటి నుంచి నేను రొట్టెకు పోతే, పెంక మీద రొట్టె వేస్తూ "బిగవట్టు సారూ" అనేది. పొంగాక తీసి నా పళ్లెంలో వేసి "ఇగ ఇడువు" అనేది. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఫిల్ము మాత్రం నవ్వేలా లేదు. కుడి తిత్తి పైభాగంలో నిమ్మకాయంత మచ్చ. డాక్టరమ్మ దాన్ని దీపం పెట్టె మీద పెట్టి చాలాసేపు చూసింది. "ఏదో ఉన్నదని ఎక్స్‌రే చెప్తది. ఏందో చెప్పదు" అంది. ఛాతిలో మచ్చ అంటే మా దిక్కు ముందు టీబీ గుర్తొస్తుంది కనుక మొదట తెమడ పరీక్ష. డబ్బీలు రెండు ఇచ్చి, పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తెమడ తెమ్మని విడమరచి చెప్పింది. "దగ్గితే రక్తమేమన్న పడుతుందా అవ్వా?" అని అడిగింది.

"శివ శివా! నాకెందుకు పడ్తది తల్లీ?"

అవ్వ ఆ డబ్బీలను బట్టలో చుట్టి, మూడో రోజున ప్రసాదం తెచ్చినట్టు తెచ్చి ఇచ్చింది. టీబీ క్రిములు లేవని వచ్చింది. క్రిములు కనబడనంత మాత్రాన మచ్చ లేనట్టు కాదని, మాత్రలు వాడి రెండు వారాలకు మళ్లీ రావాలని, మళ్లీ ఎక్స్‌రే తీయాలని, అవసరమైతే హైదరాబాదులో సీటీ స్కాను తీయించాలని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అవ్వ రెండుసార్లూ తల ఊపింది. "నా ఫోటో నాకియ్యి" అని ఫిల్ము తీసుకుని పోయింది. ఆ రోజు గిరాకీలందరికీ రొట్టెలోకి పుంటికూర రెట్టింపు వేసింది. తెమడల ఏం లేదట అని దారిన పోయేవాళ్లను పిలిచి చెప్పింది.

రెండు వారాలు పోయాయి. రెండు నెలలు పోయాయి. రోజు మార్చి రోజు ఆమె చేతి రొట్టె తింటూనే ఉన్నాను, "బిగవట్టు, ఇడువు" అనిపించుకుని నవ్వుతూనే ఉన్నాను. మళ్లీ రమ్మన్నారు కదా, ఎందుకు రాలేదని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. దీనికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఒక మధ్యాహ్నం పోయేసరికి పొయ్యి సరిగా అంటుకోవడం లేదు. అవ్వ ఒక నల్లటి అట్టతో విసురుతోంది. తళుక్కుమంటోంది అది. వంగి చూస్తే నా ఫిల్మే! ఆమె పక్కటెముకలతోనే ఆమె పొయ్యి విసురుకుంటోంది. మూల అప్పటికే కాలి ముడుచుకుపోయింది.

"అవ్వా, గదేంది!"

"మస్తు గాలొస్తుంది సారూ. అట్టముక్క ఐదు దినాలు రాదు. ఇది చూడు, గట్టిగున్నది. మంచి సామాను ఇచ్చినవ్."

నేను అరుస్తున్నాను, ఆమె నవ్వుతోంది. మధ్యలో దగ్గు వచ్చింది, రేకుల వెనక్కి పోయింది. అప్పుడు భాయ్ నన్ను బండి చాటుకు పిలిచాడు. గ్లాసు కడుగుతూ, నా ముఖం చూడకుండా చెప్పాడు. "సార్, మీకు చెప్పొద్దని కసమ్ పెట్టింది. ఆపాకు ఖూన్ పడుతుంది. ఎండాకాలం సంది పడుతుంది. బూడిద కప్పుతది."

ఎండాకాలం నుంచి! అంటే డబ్బీలు ఇచ్చినప్పటికే. అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి పిండి ముందర కూర్చుంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"అవ్వా, ఆనాడు డబ్బీలల్ల ఏం తెచ్చినవ్?"

"తెమడ."

"ఎవలది?"

"నాదే. ఇంకెవలది, మీ డాక్టరమ్మదా?"

"మరి రక్తం ఎందుకు లేదు దాంట్ల?"

ఆమె చేతులు రొట్టె కొట్టడం ఆపలేదు. భాయ్ వైపు ఒక చూపు విసిరింది, ఆయన బండి కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏరి తెచ్చిన" అంది.

"ఏరి తెచ్చుడేంది?"

"ఎర్రగ పడ్డదంత బూడిదల కప్పెట్టిన. తెల్లగ, మంచిగ పడేదాక రెండు దినాలు ఆగిన. గది డబ్బీల వట్టి తెచ్చిన. సదువుకున్నోళ్ల చేతుల పెట్టేది, సెడ్డది ఎట్ల పెడ్త సారూ? మాడిన రొట్టె గిరాకీకి పెడ్తనా నేను?"

తల బాదుకోవాలో నవ్వాలో తెలియలేదు. ముందు బండి కింద నుంచి భాయ్ నవ్వాడు. తరువాత నాకు ఆగలేదు. మమ్మల్ని చూసి అవ్వ కూడా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు, ఈసారి రేకుల వెనక్కి పోయే తీరిక కూడా ఇవ్వలేదు. ఆమె కొంగు చూశాక మా ఇద్దరి నవ్వూ ఎటు పోయిందో తెలియదు.

"రక్తం కక్కే ముసల్దాని చేతి రొట్టె ఎవలు తింటరు సారూ?" అంది మెల్లగా. "ఎవలికన్న తెలిస్తే ఈ పొయ్యి ఆరిపోతది. అందుకే."

అసలు సంగతి అదీ. వైద్యం భాషలో చెబితే ఆమెకు ఎక్కదు, బెదిరిస్తే నన్నే బెదిరిస్తుంది. ఆ సత్తు గిన్నె కనబడింది. అందులో ఆ రోజువి నాలుగు నల్ల రొట్టెలు ఉన్నాయి.

"అవ్వా, దవాఖాన నీ దుకాణం లెక్క గాదు. మేం మాడిన రొట్టెల గిరాకులం. మంచిది తెస్తే మాకేం పని? ఎంత మాడితే అంత మాకు తెలుస్తది. మాడిందే తేవాలె."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మాడినయే తీసుకుంటరా?"

"మాడినయే."

"శివ శివా, మీ దుకాణం ఎట్ల నడుస్తుందో ఏమో!" అంది. తరువాత పిండి చేతులతోనే ఆ ఫిల్మును తీసి నాకు ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. లైనులో అందరినీ తోసుకుంటూ పోయి, లాబ్ కిటికీ మీద డబ్బీ ఠక్కున పెట్టింది. "ఇగో, మాడింది!" అంది గట్టిగా. లోపలున్నాయన బిత్తరపోయాడు. నేను మళ్లీ ఎక్స్‌రే తీశాను. ఈసారి పట్టంచు చీర లేదు, తాయెత్తు తనంతట తనే కొప్పులో దోపుకుంది. నేను "బిగవట్టు" అన్నాను, మీట నొక్కి వెంటనే "ఇడువు" అన్నాను. "జల్దీ వచ్చినవ్ ఇయ్యాల" అంది. డాక్టరమ్మ పాత ఫిల్మునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టింది. నిమ్మకాయ కోడిగుడ్డు అయింది. పాతది అప్పటి నుంచి నా బీరువాలోనే ఉండిపోయింది.

హైదరాబాదు ప్రయాణం భాయ్ నెత్తిన పడింది. అవ్వ బిడ్డను బీదర్ అవతల ఇచ్చింది, ఆ బిడ్డ నేరుగా హైదరాబాదుకే వచ్చి కలిసింది. డిపో ముందర రొట్టెల పొయ్యీ లేదు, చాయ్ బండీ లేదు. బస్సులు వేళకు కదలడం చూసి ఊరు కంగారుపడింది.

తిరిగి వచ్చాక అవ్వ చెప్పిన కథ ఒకటి, భాయ్ చెప్పిన కథ ఒకటి. సీటీ స్కాను గురించి అవ్వ ఇలా చెప్పింది. "పెద్ద కడియమున్నది సారూ, నన్ను బల్ల మీద పండవెట్టి దాంట్లకు తోసిన్రు. అది నా సుట్టు గిర్రున తిరుగుతది. నీ మిషను ఒక్క దిక్కే చూసె. రొట్టెను ఒక్క దిక్కే కాలిస్తమా? వాళ్లు అన్ని దిక్కుల కాల్చిన్రు." మిషనులోంచి "ఊపిరి బిగపట్టండి" అని మాట వచ్చిందట. కాసేపటికి "వదలండి" అని అదే చెప్పిందట. "మిషనుకున్నంత తెలివి నీకు లేకపాయె" అని నాకు చురక. భాయ్ కథలో అయితే, ఆమె ఆ మిషనుకు జవాబు చెబుతూ ఉంటే లోపలి వాళ్లు మాట్లాడొద్దని మూడుసార్లు అరవాల్సి వచ్చింది.

ఆ తరువాత దీపం ఉన్న సన్న గొట్టం గొంతులోంచి తిత్తిలోకి పంపి చూశారు. లోపల మచ్చ ఉన్న చోట చిన్న ముక్క తుంచి పరీక్షకు పెట్టారు. గొంతుకు తిమ్మిరి మందు కొట్టేముందు అవ్వ అక్కడి పెద్ద డాక్టరుతో అందట: "నలభై ఏండ్లు గొట్టంతోని నేను పొయ్యి ఊదిన. ఇయ్యాల నా లోపటికే గొట్టం పెడ్తున్నరు. చూడున్రి, మంట ఉన్నదో లేదో." డాక్టరు నవ్వాపుకోలేక కాసేపు గొట్టం పక్కన పెట్టాడని భాయ్ ఒట్టేసి చెప్పాడు. మా ఊళ్లో మాత్రం ఆమె గర్వంగా "పట్నంల ముక్క ఇచ్చొచ్చిన" అని చెప్పుకుంది. ముక్క పరీక్ష అంటే ఆమెకు ఎవరూ వివరించనక్కరలేదు. రొట్టె లోపల ఉడికిందా లేదా అని తుంచి చూడటం ఆమె రోజూ చేసే పనే.

రిపోర్టు తేవడానికి భాయ్ ఒక్కడే పోయాడు. వచ్చినవాడు ఆమె దగ్గరికి పోకుండా నేరుగా దవాఖానకు వచ్చాడు. డాక్టరమ్మ చదివింది. కాన్సరే. ఇంకా కొన్ని పరీక్షలు ఉన్నాయి, మందులు ఉన్నాయి, చేయగలిగింది ఉంది అని చెప్పింది. భాయ్‌కి మొదటి మాట తరువాతవి ఏవీ వినబడలేదు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఆపాకు చెప్పొద్దు సార్. బిడ్డ గూడ ఫోన్ల అదే చెప్పింది. పుండు అని చెప్దాం."

"అబద్ధం చెప్పొద్దు" అంది డాక్టరమ్మ. "రేపు ఆమెను తీసుకురండి, కూర్చోబెట్టి అంతా నేనే చెప్తాను."

రేపు రమ్మని చెప్పడానికి నేను పోయాను. దవాఖాన నుంచి డిపోకు నడిచే దారి మొత్తం, ఒట్టు, నేను అబద్ధాన్నే వల్లె వేసుకున్నాను. పిరికివాణ్ని. ఇరవై రెండేళ్లలో వేల ఛాతీలు చూశాను గానీ, ఒక్కదాని సంగతి కూడా మనిషి ముఖం చూసి చెప్పలేదు. అది డాక్టర్ల పని కదా అని తప్పించుకున్నాను.

బస్సులు లేని వేళ అది. పొయ్యి ముందర అవ్వ ఒక్కతే ఉంది, నా వెంటే వచ్చిన భాయ్ తన బండి దగ్గర గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. పెంక మీద ఒక రొట్టె వేసి ఉంది.

"ముక్క కత ఏమాయె?" అంది నన్ను చూడగానే.

"ఏం లేదవ్వా. చిన్న పుండట. మందులేస్తే ఎండిపోతదట. రేపొకసారి డాక్టరమ్మ రమ్మన్నది."

ఆమె భాయ్ వైపు చూసింది. ఆయన కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతున్నాడు. ఆమె మళ్లీ నా వైపు తిరిగింది.

"సారూ, ఏరి తెచ్చినవా?"

నేను పొయ్యి వైపు చూపు తిప్పుకున్నాను.

"నల్లగున్నది బూడిదల కప్పెట్టి, తెల్లగున్నది ఏరి నా చేతుల పెడ్తున్నవా? ఆనాడేమన్నవ్ నువ్వు? మాడిన రొట్టెల గిరాకులమన్నవ్. ఇయ్యాల నేను గిరాకిని. మాడిందే పెట్టు."

నిలబడిపోయాను. ఆమె నా ముఖం చూసి, రోజూ నన్ను ఆటపట్టించే గొంతుతోనే అంది.

"ఊపిరెందుకు బిగవట్టినవ్ కొడుకా? ఇడువు."

వదిలాను. దానితో పాటే మాట కూడా వచ్చేసింది. కాన్సర్ అన్నాను. కుడి తిత్తిలో, పైన. ఇంకా పరీక్షలు ఉన్నాయన్నాను, మందులు ఉన్నాయన్నాను, పొయ్యి ముందర కూర్చోవద్దని అంటారన్నాను. చెబుతున్నంతసేపూ ఆమె నా నోటి వైపే చూసింది. నేను ఏడుస్తున్నానని భాయ్ తువ్వాలు తెచ్చి ఇచ్చేదాకా నాకు తెలియలేదు.

మాడువాసన వచ్చింది. నలభై ఏళ్ల పొయ్యి ముందర ఆమె రొట్టెను మరచిపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. తీరిగ్గా తీసింది. ఒక పక్కంతా నల్లబడింది. అలవాటు కొద్దీ చెయ్యి సత్తు గిన్నె వైపు పోయింది, మధ్యలో ఆగింది. రొట్టెను రెండు ముక్కలు చేసి, ఒకటి తన చేతిలో ఉంచుకుని, ఒకటి నా పళ్లెంలో పెట్టింది. పక్కన ఎల్లిగడ్డ కారం వేసింది.

"తిను" అంది.

ఇద్దరం తిన్నాం. ఆమె నములుతూ నా వైపు చూసింది.

"ఎట్లున్నది?"

"మాడింది అవ్వా."

"ఆఁ" అంది. "గట్ల చెప్పాలె."